రోజూ తిరిగే ఫోర్ బై ఫోర్ బండికి బీడ్‌లాక్ చక్రాలు వేయించాలా? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

రాజోలు దగ్గర మా ఊరు. రొయ్యల చెరువులకి మేత బస్తాలు మోయాలన్నా, పిల్లల్ని బడిలో దింపాలన్నా, అమలాపురంలో పని చూసుకోవాలన్నా, ఆదివారం సముద్రం ఒడ్డుకి వెళ్ళాలన్నా మాకు ఒకటే థార్. కొన్న మొదటి ఏడాదే ఓడలరేవు ఇసుకలో ముందు టైరు డిస్కు నుంచి ఊడి పక్కకి వచ్చేసింది. అప్పట్నుంచి బీడ్‌లాక్ చక్రాల గురించి ఆరా తీశాను, వేయించుకున్నవాళ్ళ బండ్లు దగ్గరుండి చూశాను, రెండుసార్లు అడ్వాన్సు ఇవ్వబోయి ఆగిపోయాను. స్నేహితులు, బంధువులు నన్ను అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. గాలి లెక్కలన్నీ పీఎస్ఐలో.

అసలు బీడ్‌లాక్ చక్రం అంటే ఏమిటండీ?

టైరు లోపలి అంచులో ఉక్కు తీగలతో గట్టిగా ఉండే భాగాన్ని బీడ్ అంటారు. మామూలు డిస్కులో ఆ బీడ్‌ని కదలకుండా పట్టి ఉంచేది లోపలున్న గాలే. గాలి బీడ్‌ని డిస్కు అంచుకేసి నొక్కుతుంది. అది లోపలికి జారిపోకుండా డిస్కు చుట్టూ చిన్న గట్టులాంటి ఉబ్బు కూడా ఉంటుంది. గాలి బాగా తగ్గినప్పుడు ఆ నొక్కుడు తగ్గుతుంది. అదే సమయంలో పక్కనుంచి బలం పడితే బీడ్ ఆ గట్టు దాటి జారిపోతుంది.

బీడ్‌లాక్ చక్రంలో బయటివైపు బీడ్‌ని డిస్కుకీ ఒక రింగుకీ మధ్య పెట్టి, చుట్టూ బోల్టులతో బిగిస్తారు. చక్రం సైజును బట్టి సాధారణంగా 24 నుంచి 32 బోల్టులు ఉంటాయి. ఇక గాలి ఉన్నా లేకపోయినా ఆ అంచు కదలదు. లోపలివైపు బీడ్ మాత్రం చాలా చక్రాల్లో మామూలుగానే కూర్చుంటుంది.

టైర్లలో గాలి తగ్గించడం దేనికి?

గాలి తగ్గితే టైరు కింద పరుచుకుంటుంది, ముఖ్యంగా పొడవునా. బండి బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది కాబట్టి ఇసుకలో చక్రం తవ్వుకుంటూ దిగిపోకుండా పైన తేలుతుంది. రాళ్ళ మీదైతే రాయి ఆకారానికి సర్దుకుని పట్టు దొరుకుతుంది. రోడ్డు మీద ముప్పై దాకా ఉండే గాలిని ఇసుకలో 15 నుంచి 18కి తెస్తే తేడా స్టీరింగులోనే తెలిసిపోతుంది. అక్కడిదాకా మామూలు డిస్కు నిక్షేపంగా పట్టుకుంటుంది. 12 దగ్గర జాగ్రత్త కావాలి. 10 కంటే దిగితేనే బీడ్‌లాక్ మాట వస్తుంది. బండరాళ్ళ మీద నత్తనడకన ఎక్కించే పోటీ బండ్లు ఒక అంకె గాలితో నడుస్తాయి. ఈ చక్రాలు అలాంటి పని కోసం పుట్టినవి.

మన డెల్టాలో 10 కంటే తక్కువ గాలి అవసరం పడే చోటు ఏదైనా ఉందా?

నాకు తెలిసి లేదు. నా అభిప్రాయమంతా ఈ జవాబు మీదే నిలబడి ఉంది కాబట్టి వివరంగా చెబుతాను.

మొదట ఇసుక. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం ఒడ్డున పాటు తీసిన తర్వాత తడిగా గట్టిపడిన ఇసుక మీద గాలి తగ్గించకుండానే బండి పోతుంది. చిక్కంతా పైన ఎండిన మెత్తని ఇసుకలో, సరుగుడు తోటల వైపు ఎక్కేచోట. వేసవిలో గోదావరి పాయలు సన్నబడ్డాక లంకల దగ్గర ఇసుక కూడా ఇలాంటిదే. రెండు చోట్లా 16 పెట్టుకుని, స్టీరింగు మెల్లగా తిప్పుతూ, ఒకే వేగంతో పోతే చాలు. ఇంకో మాట, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలం చివర్నుంచి వేసవి మొదటిదాకా మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. టైరు గాడి లోతుగా పడితే పుట్టిన పిల్లలు అందులో పడి సముద్రం చేరలేవు. ఆ నెలల్లో దయచేసి మెత్తని ఇసుకలోకి బండి దింపకండి.

తర్వాత బురద. మనది ఒండ్రు కలిసిన నల్లమట్టి. వానాకాలంలో చెరువు గట్టు మీద నాలుగు అడుగులు వేస్తే చెప్పులకి ఎంత బంకమట్టి పట్టుకుంటుందో మీకే తెలుసు. టైరుకీ అదే జరుగుతుంది. గాళ్ళు నిండిపోయి టైరు నున్నటి గుండ్రాయిలా తిరుగుతుంది. ఇక్కడ గాలి తగ్గించడం వల్ల కొంత మేలే గానీ ఇసుకలో వచ్చినంత రాదు. గాళ్ళు లోతుగా, ఎడంగా ఉండి తిరిగేటప్పుడు మట్టిని విదిలించుకునే టైరు కావాలి. డిస్కు అంచున బోల్టులున్నాయా లేవా అన్నది ఆ మట్టికి పట్టదు.

మూడోది గట్టు. పంట కాలవ గట్లు, చెరువుల మధ్య దారులు బండికి అటూ ఇటూ జానెడు చోటు కూడా మిగల్చవు. అక్కడ భయం టైరు ఊడుతుందని కాదు, బండి మొత్తం నీళ్ళలోకి జారుతుందని. చాలా బీడ్‌లాక్ చక్రాలు బండి బాడీ దాటి బయటికి వచ్చే కొలతల్లో ఉంటాయి. సన్నటి గట్టు మీద అది ఇంకా నష్టం.

మారేడుమిల్లి వైపు వెళ్తాం కదా, అక్కడ రాళ్ళున్నాయి?

ఉన్నాయి. ఘాట్ రోడ్డు తారు రోడ్డే. లోపలి వాగులు, అడవి బాటల్లో 18 నుంచి 20 చాలు. నాలుగైదుసార్లు వెళ్ళాను, మామూలు డిస్కులతోనే.

మరి మీ టైరు ఊడింది కదా?

ఊడింది. తప్పు నాదే. ఎవరో 8కి దించమంటే దించాను. చేతిలో గేజి లేదు, అందాజుగా పుల్లతో గాలి వదిలాను, బహుశా ఇంకా తక్కువే అయ్యుంటుంది. ఆ గాలితో పొడి ఇసుకలో వేగంగా పోతూ వెనక్కి తిరుగుదామని స్టీరింగు ఒక్కసారి కోసేశాను. ఇసుక కట్టలా పోగై ముందు చక్రాన్ని పక్కనుంచి తోసింది, బీడ్ బయటికి వచ్చింది. వలలు ఆరబెట్టుకుంటున్న వేటగాళ్ళు నలుగురు వచ్చి సాయం పట్టకపోతే పోటు వచ్చే వేళకి బండి అక్కడే ఉండేది. ఆ తర్వాత అదే చోట, అవే డిస్కులతో, 16 గాలితో ఎన్నోసార్లు తిరిగాను. ఒక్కసారి కూడా ఊడలేదు.

రోజువారీ నడకలో బీడ్‌లాక్ వల్ల ఇబ్బంది ఏమిటి?

లెక్క వేసుకోండి. చక్రానికి 28 బోల్టులనుకుంటే నాలుగు చక్రాలకి 112. స్టెప్నీ కూడా అలాంటిదే కావాలంటే 140. టైరు ఎక్కించాక వాటిని టార్క్ రెంచితో (ఎంత బలంతో తిప్పి బిగిస్తున్నామో, అంటే టార్కు ఎంతో, అంకెల్లో చూపించే స్పానరు), ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. రబ్బరు నొక్కుకుపోయి సర్దుకుంటుంది కాబట్టి మొదటి 50, 80 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ప్రతి బోల్టూ చూడాలి. ఆ తర్వాత కూడా క్రమం తప్పకుండా చూస్తూనే ఉండాలి. ఎంత టార్కు అన్నది చక్రం కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉంటుంది. చాలా చక్రాలకి అది వీల్ నట్ల కంటే బాగా తక్కువ, పాతిక న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. బలం కొద్దీ బిగిస్తే బోల్టు తెగుతుంది, లేదా రింగు వంగిపోతుంది. మా మేనత్తగారి అబ్బాయి శ్రద్ధగలవాడే. మొదటి రెండు నెలలూ వారం వారం చూశాడు. మూడో నెలలో పంట పట్టుబడి వచ్చింది, మరిచిపోయాడు. నాలుగు బోల్టులు వదులై, ఒకటి పూర్తిగా ఊడిపోయి కనిపించింది. మనలో ఎవరమైనా అంతే. బండి మన పనికోసం గానీ మనం బండి పనికోసం కాదు కదా.

బ్యాలెన్సింగు ఇంకో తలనొప్పి. రింగు, బోల్టుల బరువు అంతా చక్రం బయటి అంచున పడుతుంది. రింగున్న వైపు మామూలు బరువులు తగిలించడానికి చోటు ఉండదు, లోపల అతికించాలి. కొంచెం తేడా వచ్చినా 216 నెంబరు హైవే మీద ఎనభై దాటేసరికి స్టీరింగు అదురుతుంది. చక్రం బరువు పెరిగితే బ్రేకుకీ, సస్పెన్షనుకీ, డీజిలుకీ అన్నిటికీ భారమే.

పంచరు సంగతి కూడా చూడండి. మేకు దిగితే బయటినుంచి స్ట్రిప్ పెట్టుకోవచ్చు, అందులో తేడా లేదు. టైరు విప్పాల్సిన పని పడితే మాత్రం రాత్రి తొమ్మిదింటికి ఏ మలికిపురంలోనో, ముమ్మిడివరంలోనో పంచరు షాపాయన ముందు ఆ చక్రం పెట్టి 28 బోల్టులు విప్పి, మళ్ళీ లెక్క ప్రకారం బిగించమని అడగాల్సి ఉంటుంది. టార్క్ రెంచి మీ డిక్కీలో ఉండాల్సిందే.

ఉప్పుగాలి ప్రభావం ఉంటుందా?

చాలా. బీడ్‌లాక్ గురించి వేరే ప్రాంతాల వాళ్ళు చెప్పే సలహాల్లో ఈ సంగతి కనపడదు. మన దగ్గర సముద్రపు గాలి ఒకటి, చెరువుల్లోని ఉప్పునీరు ఇంకొకటి. ఏరియేటర్ల ఇనప ఫ్రేములు, మోటారు బోల్టులు ఎంత త్వరగా తుప్పుపట్టి పొడిపొడిగా రాలతాయో చెరువులున్న ప్రతివాళ్ళకీ తెలుసు. అల్యూమినియం చక్రంలో ఉక్కు బోల్టు దిగి, మధ్యలో ఉప్పు తడి చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలాగా రసాయన చర్య మొదలై అల్యూమినియం తినేస్తుంది. తెల్లటి పొడి కడుతుంది, బోల్టు పట్టేస్తుంది. విప్పబోతే తల తెగుతుంది, లేదా మరలు ఊడి వస్తాయి. పైగా తుప్పుపట్టిన బోల్టుకి టార్క్ రెంచి చూపించే అంకె నమ్మడానికి వీల్లేదు. రాపిడి వల్ల బిగినట్టు చూపిస్తుంది, నిజంగా రింగు బిగుసుకుని ఉండదు.

వేయించుకునే తీరాలి అనుకుంటే సముద్రం ఒడ్డుకి వెళ్ళిన ప్రతిసారీ అదే రోజు మంచినీళ్ళతో రింగు చుట్టూ కడగండి. మరలు పట్టేయకుండా రాసే పేస్టు చక్రం కంపెనీ ఒప్పుకుంటేనే వాడండి. పేస్టు రాస్తే అదే టార్కు దగ్గర బోల్టు మీద లాగుడు పెరుగుతుంది, ఆ లెక్క వాళ్ళే చెప్పాలి.

ప్రమాదం కూడా ఉందంటారు, నిజమేనా?

నిజం. గాలి ఉన్న చక్రానికి రింగు బోల్టులు విప్పితే ఆ రింగు ఎగిరి మనిషిని చంపగలదు. పాత లారీ చక్రాలకి లాక్ రింగులుండేవి కదా, గాలి కొట్టేటప్పుడు పెద్ద మేస్త్రీలు పక్కకి నిలబడి, గడ్డపార అడ్డం పెట్టేవారు. భయం అలాంటిదే. ముందు వాల్వు లోపలి పిన్ను తీసేసి, గాలి మొత్తం పోయిందని చేత్తో నొక్కి చూసుకుని, అప్పుడే స్పానరు పట్టాలి.

చట్టం ఒప్పుకుంటుందా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షను మీద గట్టిగానే తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ సెక్షను కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బీడ్‌లాక్‌తో పాటు చక్రం వెడల్పు, టైరు సైజు కూడా మారిస్తే ఇబ్బంది పెరుగుతుంది. ఇన్సూరెన్సు వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము రోజున అడ్డం తిరుగుతుంది. చాలామంది తయారీదారులు "రోడ్డు మీద వాడటానికి కాదు" అని చక్రంతో పాటే కాగితం ఇస్తారు. ఆ కాగితం చదివి కూడా పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

అమెరికాలో బండి కంపెనీలే ఇస్తున్నాయి కదా?

ఫోర్డ్ బ్రాంకో, జీప్ రాంగ్లర్ కొన్ని మోడళ్ళకి వచ్చేవి బీడ్‌లాక్ బిగించుకోవడానికి వీలున్న చక్రాలు. షోరూము నుంచి వచ్చేటప్పుడు వాటిలో టైరు మామూలుగానే కూర్చుని ఉంటుంది. నిజంగా బీడ్‌ని పట్టే రింగు విడిగా కొని, రోడ్డు బయట వాడకానికి బిగించుకోవాలి. అంత పెద్ద కంపెనీలే రోడ్డుకి మామూలు పద్ధతి ఉంచాయని గమనించండి.

షాపులో తక్కువ ధరకే బీడ్‌లాక్ అల్లాయ్‌లు చూపించారు. తీసుకోవచ్చా?

చుట్టూ బోల్టు తలలు కనపడేలా పోత పోసిన అల్లాయ్‌లు చాలా ఉన్నాయి. అవి అలంకారం. టైరు లోపల మామూలుగానే కూర్చుంటుంది. చూడటానికి బావుంటే కొనుక్కోండి, తప్పులేదు. బీడ్‌లాక్ అనుకుని గాలి 8కి మాత్రం దించకండి. గుర్తు పట్టడం తేలికే. నిజమైన బీడ్‌లాక్‌లో టైరు అంచు రింగుకీ డిస్కుకీ నడుమ ఇరుక్కుని ఉంటుంది, రింగు పూర్తిగా విడిగా ఊడి వస్తుంది.

టైరు లోపల పెట్టే రకం ఉందట?

ఉంది. గట్టి గుడ్డ తొడుగు ఉన్న సన్నటి ట్యూబు లాంటిది టైరు లోపల పెట్టి, దానికి విడిగా ఎక్కువ గాలి కొడతారు. అది రెండు బీడ్‌లనీ లోపలినుంచి నొక్కి పట్టుకుంటుంది. బయట బోల్టులుండవు. కానీ దానికి మరో వాల్వు కోసం డిస్కుకి ఇంకో బెజ్జం కావాలి, పంచరు పని ఇంకా కష్టం. సైన్యపు బండ్లలో రెండు ముక్కల చక్రం మధ్య రబ్బరు దిమ్మ పెట్టే పద్ధతి వేరే ఉంది. మన రోజువారీ పనికి రెండూ అక్కర్లేదు.

మాది పాత జీపు, ట్యూబు టైర్లు. గాలి తగ్గించవచ్చా?

బాగా తగ్గిస్తే టైరు డిస్కు మీద తిరిగిపోయి, ట్యూబు వాల్వు మొదట్లో చిరుగుతుంది. 20 కంటే దించకండి. వీలైతే ట్యూబ్‌లెస్ డిస్కులకి మారండి.

వరదనీళ్ళలో, కాజ్‌వేల మీద బీడ్‌లాక్ ఉపయోగపడుతుందా?

లేదు. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగి లంకల కాజ్‌వేలు మునిగినప్పుడు ఏ చక్రమూ ఉపయోగపడదు. రెండడుగుల పారే నీరు ఇలాంటి బండ్లని చాలావరకు తేల్చి పక్కకి తోసేస్తుంది. 1986 వరద, 2022 వరద చూసిన మన పెద్దలు పడవ కోసం ఆగుతారు. మీరూ ఆగండి.

మరి ఆ డబ్బు దేనికి పెట్టమంటారు?

మొదట మంచి గేజి. తర్వాత బ్యాటరీకి నేరుగా తగిలించే కంప్రెసరు. ఇవి రెండూ ఉంటే గాలి తగ్గించడానికి వెనకాడరు, రోడ్డెక్కేముందు మళ్ళీ కొట్టుకోవడానికి బద్ధకించరు. తక్కువ గాలితో తారు రోడ్డు మీద వేగంగా పోతే టైరు పక్కగోడలు వేడెక్కి పగులుతాయి, అందుకే కంప్రెసరు తప్పనిసరి.

ఆ తర్వాత టైర్లు. ఎక్కువ తారు రోడ్డు, వారానికోసారి ఇసుక అయితే ఆల్ టెరైన్. వానాకాలమంతా చెరువు గట్లే అయితే మడ్ టెరైన్, చప్పుడు భరించగలిగితే. చిన్న డిస్కు, ఎత్తయిన పక్కగోడ మంచిది. థార్‌లోనే 255/65 ఆర్18 టైరుకి పక్కగోడ సుమారు 166 మిల్లీమీటర్లు, కింది వేరియంటుకి కంపెనీ ఇచ్చే 245/75 ఆర్16కి సుమారు 184. గాలి తగ్గించినప్పుడు పరుచుకునేది ఆ పక్కగోడే. బోల్టుల రింగు కంటే ఈ 18 మిల్లీమీటర్లు మనకి ఎక్కువ పని చేస్తాయి.

లాగే స్ట్రాపు, రెండు షాకిళ్ళు, పార, జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క బండిలో ఉంచుకోండి. స్ట్రాపుని బండికి ఉన్న అసలు కొక్కేనికే తగిలించండి, ట్రైలరు బంతికి ఎప్పుడూ వద్దు. చక్రాల కింద వేయడానికి కొబ్బరి మట్టలు మన దగ్గర ఎక్కడ లేవు?

దమ్ము చేసే ట్రాక్టరుకి ఇనప చక్రాలు చేలో దిగేముందు తగిలిస్తాం, రోడ్డెక్కేముందు తీసేస్తాం. ఏ నేలకి ఏ చక్రమో మన రైతుకి ఎవరూ నేర్పక్కర్లేదు. బీడ్‌లాక్‌ని కూడా అలాగే చూడమంటాను.

ఇసుకలో టైరు ఊడిపోతే ఎలా ఎక్కించుకోవాలి?

చెక్క మీద జాకీ పెట్టి చక్రం లేపండి. బీడ్‌కీ డిస్కుకీ అంటుకున్న ఇసుక నీళ్ళతో పూర్తిగా కడగండి, ఒక్క రవ్వ మిగిలినా గాలి కారుతుంది. సబ్బునీళ్ళు రాయండి. టైరు నడుం చుట్టూ రాట్చెట్ బెల్టు వేసి బిగిస్తే అంచులు రెండూ బయటికి తోసుకుంటాయి. వాల్వు పిన్ను తీసేసి గాలి కొడితే త్వరగా ఎక్కుతుంది. టప్పుమని రెండు చప్పుళ్ళు వినపడ్డాక పిన్ను పెట్టి మామూలు గాలి నింపండి. పెట్రోలో, స్ప్రేనో చల్లి నిప్పు పెట్టి ఎక్కించే వీడియోలు చూసి ఆ పని చేయవద్దు. చేతులు, ముఖాలు కాలిపోతాయి.

ఇప్పటికే కొనేశానండీ. ఇప్పుడేం చేయమంటారు?

పాత డిస్కులు అమ్మకండి. రోజువారీకి అవే ఉంచి, ఎక్కడో రాళ్ళ దారికి దూరం వెళ్ళేటప్పుడు బీడ్‌లాక్ సెట్టు ఎక్కించుకోండి. అలా కుదరక అవే నడపాల్సి వస్తే నెలకొక రోజు ఖాయం చేసుకుని ప్రతి బోల్టూ చూడండి, విరిగిన వాటికి బదులు అదే గ్రేడు బోల్టులు పది ఎప్పుడూ దగ్గరుంచుకోండి. రింగుకీ డిస్కుకీ మధ్య సందు చుట్టూ సమానంగా ఉందో లేదో కూడా చూడండి. టైరు బ్రాండు మారితే బీడ్ మందం మారుతుంది, అందుకని కొత్త టైర్లు వేసినప్పుడు మరీ జాగ్రత్త.

ఇంకొక్క పని ఇవాళే చేయండి. బండి ఎప్పుడూ మీరే నడపరు, పంచరు షాపుకి తమ్ముడో డ్రైవరో తీసుకెళ్తాడు. అక్కడి కుర్రాడు ఈ రింగు ముందెప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ప్రతి రింగు మీదా పసుపు పెయింటుతో, తెలుగులో, దూరం నుంచి కనపడేలా రాయించండి: "గాలి మొత్తం తీయకుండా ఈ బోల్టులు విప్పవద్దు."